కాలవలో దొరికిన మనిషి

వార్డులో అతన్ని అందరూ వాడరేవు అనే పిలిచేవాళ్ళు. వాడరేవు సముద్రపు ఒడ్డున, చేపలు ఆరబెట్టే చోట, వలల కుప్ప పక్కన ఒంటి మీద సరైన గుడ్డ లేకుండా పడి ఉంటే అక్కడి జాలర్లు గంజి తాగించి పోలీసులకు చెప్పారు. పోలీసులు గుంటూరు తీసుకొచ్చి ఈ ఆసుపత్రిలోని మానసిక వైద్య వార్డులో చేర్పించారు. పేరడిగితే పలకలేదు. ఊరడిగితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. మందులు మొదలయ్యాక నిద్ర పట్టింది, అన్నం సయించింది, తనలో తను గొణుక్కోవడం తగ్గింది. మాట మాత్రం రాలేదు.

షాహిస్తా ఆ వార్డులో సైకియాట్రిక్ నర్సు. రోజూ పొద్దున టిఫిన్లు, మందులు అయ్యాక కుర్చీలు గుండ్రంగా వేయించి, కాస్త కుదుటపడ్డవాళ్ళందర్నీ కూర్చోబెట్టేది. డాక్టర్లు దాన్ని గ్రూప్ థెరపీ అంటారు. పేషెంట్లు 'మీటింగు' అనేవాళ్ళు. అక్కడ నియమాలు తక్కువ. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు వినాలి. ఇక్కడ అనుకున్నది బయట అనకూడదు. మాట్లాడమని ఎవర్నీ బలవంతపెట్టకూడదు. ఆ ఆఖరి నియమం వల్లే వాడరేవు రోజూ వస్తున్నాడని షాహిస్తా నమ్మకం. తలుపు పక్క కుర్చీలో కూర్చుని, అందరి మాటలూ అయ్యేదాకా తన అరచేతులు చూసుకుంటూ ఉండి, చివర్లో లేచిపోయేవాడు.

ఆ రోజుల్లో మీటింగులో నోరున్నవాళ్ళు ఇద్దరు. ఒకడు ఇమాం హుస్సేన్, లారీ డ్రైవరు. పల్నాడు ఊళ్ళ నుంచి గుంటూరు యార్డుకు మిర్చి బస్తాలు, వాళ్ళ మాటలో టిక్కీలు, తోలేవాడు. తాగుడు మానడానికి తనంతట తనే వచ్చి చేరాడు. రెండోవాడు అంకమ్మరావు, పత్తి రైతు. వచ్చిన కొత్తలో రాష్ట్రంలో పత్తంతా తనే కొనేస్తానని రాత్రింబవళ్ళు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాడు, ఇప్పుడు నెమ్మదించి అందరి మీదా హాస్యాలాడుతున్నాడు.

మిరప కోతల కాలం వచ్చింది. రోడ్డు మీద లారీలు పోతుంటే ఆ ఘాటుకు వార్డంతా తుమ్ములు.

"మా ఊళ్ళో ఆడాళ్ళు కాయల తొడిమలు తీసేటప్పుడు సూడాల సిస్టర్, ఒకళ్ళకొకళ్ళు దాచుకునే మాటుండదు" అన్నాడు అంకమ్మరావు. "ఈ కుర్చీల్లో కూకుని ఒకరి మొహం ఒకరు సూసుకుంటే మాటలేడొస్తయ్?"

ఆ మాట షాహిస్తా మనసులో పడింది. వెళ్ళి డాక్టర్ శ్రీరమ్యను అడిగింది.

"మిరపకాయలా?" శ్రీరమ్య కళ్ళు పెద్దవయ్యాయి. "ఎవరైనా కళ్ళలో పెట్టుకుంటే?"

"నేను పక్కనే ఉంటానండి. చేతులు కడిగించే పూచీ నాది. చేతికి తెలిసిన పని దొరికితే నోరు కూడా పెగులుతుందేమో చూద్దామని."

శ్రీరమ్య వయసులో చిన్నదే అయినా ఏదీ ఊరికే కాదనే మనిషి కాదు. కాసేపు ఆలోచించి సరే అంది.

మర్నాడు నేల మీద చాప పరిచి, మధ్యలో ఎర్రటి కాయల కుప్ప పోసింది షాహిస్తా. అందరూ చుట్టూ చేరారు. వాడరేవు కూడా కుర్చీ వదిలి వచ్చి చాప అంచున కూర్చున్నాడు. ఇమాం హుస్సేన్ తన చెల్లెలి పెళ్ళిలో తాగి పడిపోయిన సంగతి చెబుతున్నాడు. షాహిస్తా అతని మాటే వింటోంది. కానీ వాడరేవు చేతుల మీంచి చూపు మరల్చుకోలేకపోయింది. అతను తొడిమలు తీయడం లేదు. ఎరుపు వెలిసి తెల్లబారిన కాయల్ని కుప్పలోంచి చకచకా ఏరి పక్కన పెడుతున్నాడు.

అంకమ్మరావు ఆ తెల్ల కాయలు తీసి మళ్ళీ కుప్పలో వేయబోయాడు.

"తాలు" అన్నాడు వాడరేవు.

ఇమాం హుస్సేన్ మాట ఆగిపోయింది.  ఇన్ని నెలల్లో ఆ గొంతు ఎలా ఉంటుందో ఒక్కరికీ తెలియదు. బొంగురుగా, ఎప్పట్నుంచో తెరవని తలుపు తీసినట్టుగా ఉంది.

 మీద పడిపోకూడదని షాహిస్తా తనకు తానే చెప్పుకుంది. తలెత్తకుండా, తొడిమ తీస్తూనే అడిగింది. "తాలు కలిపితే ఏమవుతుంది?"

"కోటేశ్వరి తిట్టిద్ది."

ఆ రోజుకి అంతే. కోటేశ్వరి ఎవరని ఆమె అడగలేదు. ఎవర్నీ అడగనివ్వలేదు. అంకమ్మరావు కూడా నోరు మూసుకుని తెల్ల కాయలు జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

తర్వాత ఒక్కో మీటింగులో ఒక్కో ముక్క బయటికొచ్చింది. తన పేరు యలమంద. కోటేశ్వరి భార్య. ఒక ఆడపిల్ల ఉంది. వినుకొండ దాటాక, గుండ్లకమ్మ ఏటి అవతల ఊరు. ఊరి పేరు చెప్పగానే ఇమాం హుస్సేన్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఆ ఊరు నేను ఎరగనా! ప్రతి సీజనూ కాయలెత్తుకొచ్చేది ఆణ్ణించేగా!"

మీటింగయ్యాక షాహిస్తా యలమంద పక్కన కూర్చుంది. "మీ ఇంటికి కబురు చేద్దామా?"

అతను లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. తర్వాత భయంభయంగా అడిగాడు. "వాళ్ళు బతికే ఉన్నారా?"

"ఎందుకలా అడిగారు?"

అతను అరచేతుల వైపు చూసుకున్నాడు. జబ్బు తాలూకు భయం ఇంకా పూర్తిగా పోలేదనుకుంది షాహిస్తా. కబురు చేయమన్నట్టు అతను తలూపాడు.

ఆ ఊరి ఏఎన్ఎమ్ నెంబరు సంపాదించి ఫోన్ చేసింది. ఆమె పేరు నస్రత్. మనిషి ఉత్సాహంగా మాట్లాడింది, యలమంద పేరు వినేదాకా.

"ఏ యలమందండీ? కోటేశ్వరి భర్తా?" ఆమె గొంతు తగ్గించింది. "మేడమ్, ఆయన పోయి రెండేళ్ళు దాటిందండీ. కాలవలో పడి పోయాడు. శవం దొరికింది. దినం కూడా చేశారు. నేను కూడా పోయొచ్చాను."

షాహిస్తా చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. అద్దాల తలుపు అవతల, వార్డు వరండాలో, కాలవలో పడి చనిపోయిన మనిషి పళ్ళెం కడిగి బోర్లిస్తున్నాడు.  షాహిస్తా పక్కనున్న కుర్చీ పట్టుకుని కూర్చుంది.

శ్రీరమ్య విని కుర్చీలోంచి లేచింది. "చచ్చిపోయినాయన పేరు ఇతను చెప్పుకుంటున్నాడంటారా?"

"లేదంటే వాళ్ళు దహనం చేసింది ఇతన్ని కాదు."

 ఫోటో పంపిస్తే ఇప్పుడే తేలిపోతుందని షాహిస్తాకు అనిపించింది. శ్రీరమ్య వద్దంది. "పంపిన మరుక్షణం ఆ ఫోటో ఊరంతా తిరుగుతుంది. ఆ ఆడమనిషి ఇలాంటిది ఎవరో చేతికిచ్చిన ఫోన్‌లో చూడాలా? మీరు వెళ్ళండి. ముందు మీ కళ్ళతో చూడండి. అప్పటిదాకా యలమందకు కూడా ఏమీ చెప్పొద్దు."

వినుకొండలో బస్సు దిగేసరికి నస్రత్ స్కూటీ మీద ఎదురొచ్చింది. దారి పొడవునా చేలల్లో మిరపకాయలు ఆరబోసిన ఎర్రటి కళ్ళాలు. ఆ ఎండలో ఆ ఎరుపు చూస్తుంటే కళ్ళు మండాయి.

రేకుల ఇల్లు. ముసలామె వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. యలమంద తల్లి పిచ్చమ్మ. నస్రత్‌ను చూసి నవ్వి, లోపలికి రమ్మని మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు అందుకుంటూ షాహిస్తా గోడకేసి చూసింది. ప్లాస్టిక్ పూలదండ వెనక ఫోటో. నున్నగా దువ్విన తల, మీసం. ఎడమ కనుబొమ మధ్యలో తెగిన గీత. ఆ గీతను రోజూ పొద్దున్నే చూస్తోంది తను. 

"మావాడమ్మా" అంది పిచ్చమ్మ, ఆమె చూపు గమనించి. "దేవుడు తీసకపోయాడు."

దుఃఖవార్త ఎలా చెప్పాలో షాహిస్తా చదువుకుంది, ఎన్నోసార్లు చెప్పింది కూడా. ఈ వార్త ఎలా చెప్పాలో ఏ తరగతిలోనూ ఎవరూ నేర్పలేదు. కోటేశ్వరి ఎక్కడుందని మాత్రం అడగగలిగింది.

కోటేశ్వరి కళ్ళంలో ఉంది. తలకు గుడ్డ చుట్టుకుని, ఆరబోసిన కాయల మధ్య నడుస్తూ కాళ్ళతో వాటిని కలియదిప్పుతోంది. ముప్పై దాటిన మనిషి. నుదుట బొట్టు లేదు, చేతికి గాజులు లేవు. పిచ్చమ్మ కూడా వెనకే వచ్చి గట్టు మీద నిలబడింది.

"అమ్మా, నేను గుంటూరు ఆసుపత్రిలో నర్సును. నేను చెప్పేది నమ్మడం కష్టం. కాస్త కూర్చుంటారా?"

"పనుంది. చెప్పు."

"యలమందగారు మా ఆసుపత్రిలో ఉన్నారు. బతికే ఉన్నారు."

కోటేశ్వరి కాళ్ళు ఆగలేదు. కాయలు గలగలమంటూనే ఉన్నాయి. "ఏ యలమంద?"

"మీ ఆయన."

అప్పుడు ఆగింది. "మా ఆయన్ని ఆ చేను గట్టునే తగలబెట్టాం. నువ్వెవురు? ఎవురు పంపిచ్చారు నిన్ను? ఏం కావాల మీకు?" ఆమె గొంతుకు పక్క కళ్ళాల్లో వాళ్ళు లేచి చూశారు. నస్రత్ ఏదో చెప్పబోతే, "నువ్వూ కలిశావా ఈమెతో?" అని అరిచింది.

"ఆయన నెలల తరబడి ఒక్కమాట మాట్లాడలేదమ్మా" అంది షాహిస్తా. "మొన్న మిరపకాయలు ముందర పోస్తే తెల్లవి ఏరి పక్కన పెట్టారు. తాలు కలిపితే కోటేశ్వరి తిట్టిద్ది అన్నారు. మా దగ్గర ఆయన నోరు తెరిచింది అప్పుడే."

కోటేశ్వరి అలాగే చూస్తూ నిలబడింది. ఉన్నట్టుండి కాయల్లో కూలబడింది. ఏడుపు లేదు.  తల తిప్పి గట్టు మీదున్న అత్తను చూసింది.

"అత్తా. నేను చెప్పలా?"

పిచ్చమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

"ఆయన కాదు, ఆయన కాదని నేను మొత్తుకోలా? ఆ కాళ్ళు నా మొగుడివి కాదు, నా మొగుడికి వేలి మీద వేలు ఎక్కి ఉండదని ఊరందరి ముందరా చెప్పలా?" ఆమె షాహిస్తా వైపు తిరిగింది.  "నీళ్ళల్లో నాని మొహం తెలియలేదమ్మా. చొక్కా అట్టాంటిదే. ఈమె చూసి నా కొడుకే అంది. నేను కాదంటే, దీనికి పిచ్చెక్కింది అన్నారు. వేపమండలతో కొట్టిచ్చారు. ఒక రోజు గాదు, నేను అవునన్నదాకా కొట్టిచ్చారు. ఆకరికి నేనే అనుకున్నా, నిజంగానే నాకు పిచ్చెక్కిందేమోలే అని. అవునన్నా. గాజులు తీశా."

 భర్త బతికున్నాడని నమ్మినందుకు పిచ్చిదని కొట్టించుకున్న మనిషి, పిచ్చి నయం చేసే వార్డు నుంచి వచ్చిన షాహిస్తా కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఆ మనిషి చెప్పిందే నిజం.

కోటేశ్వరి ఏదో తట్టినట్టు దిగ్గున లేచింది. చేను గట్టు వైపు చూసింది. గొంతు బాగా తగ్గిపోయింది.

"మరి మేం తగలబెట్టింది ఎవుర్ని?"

పక్క కళ్ళాల్లో వాళ్ళు కూడా ఆ మాట విన్నారు. 

యలమందకు ఈ విషయం శ్రీరమ్య గదిలో, తలుపులు వేసి, నెమ్మదిగా చెప్పారు. ఇంట్లో అందరూ బతికే ఉన్నారని ముందు చెప్పారు. దానికే అతను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. తర్వాత మిగతాది చెప్పారు. విని, తన చేయి తనే గిల్లుకుని చూసుకున్నాడు. "నన్నే?" అన్నాడు. "దినం కూడా చేశారా?" అన్నాడు.  ఆ పూటంతా షాహిస్తా అతన్ని వదిలి ఎటూ కదల్లేదు.

మర్నాడు మీటింగులో అందరికంటే ముందు అతనే నోరు తెరిచాడు.

"మా ఊళ్ళో నేను సచ్చిపోయానంట."

ఎవరికీ అర్థం కాలేదు. అతను మళ్ళీ చెప్పాడు, కాలవ, శవం, దినం, గోడ మీద ఫోటో, ఒక్కొక్కటీ. ఇమాం హుస్సేన్ తలపట్టుకున్నాడు. అంకమ్మరావు నోరు తెరిచి, మూసి, ఆపుకోలేక పకపకా నవ్వేశాడు. షాహిస్తా ఉలిక్కిపడింది. కానీ యలమంద కూడా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. అంకమ్మరావు నవ్వు మానేసి లేచి వచ్చి అతని పక్కన నేల మీద కూర్చున్నాడు. "తప్పయింది తమ్ముడా" అన్నాడు. "మా ఇంట్లో నాతో ఎవురూ మాట్టాడరు. నేను ఎదురుగా ఉన్నా లేనట్టే చేస్తారు. నీ ఇంట్లో దండేసన్నా ఏడ్చారు గదా అనిపిచ్చింది."

భార్య వచ్చేలోపు, ఆమెతో అనాల్సినవి ఒకసారి ఇక్కడే అనుకుని చూద్దామంది షాహిస్తా. నాటకం లాంటిదే, కానీ మాటలు ముందే రాసిపెట్టుకోరు. కోటేశ్వరిగా ఎవరుంటారంటే ఇమాం హుస్సేన్ ముందుకొచ్చాడు. తువ్వాలు తల మీద కప్పుకుని ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. ఆ మీసాలకు ఆ ముసుగు చూసి ఇద్దరు ముగ్గురు నవ్వారు. అతను నవ్వలేదు. అతను అడగబోయే ప్రశ్న అతని ఇంట్లోనూ ఒక ఆడమనిషి అడిగి ఉంటుంది.

"చెప్పకుండా ఎందుకు పోయావు?" అన్నాడు ఇమాం హుస్సేన్.

యలమంద ఆ ముసుగు వైపే చూస్తూ చెప్పాడు. "నా చెవుల్లో గొంతులు చెప్పినయ్. నేను ఇంట్లో ఉంటే నా బిడ్డ సచ్చిపోయిద్దని. నా చెయ్యి తగిలితే అన్నం విషం అయిద్దని. నేను యాడికన్నా పోతే మీరు బతుకుతారని చెప్పినయ్. అందుకని పోయా."

వాళ్ళు బతికే ఉన్నారా అని అతనెందుకు అడిగాడో షాహిస్తాకు అప్పుడు తెలిసింది. అది జబ్బు భయం అని తను తేలిగ్గా తీసేసింది. ఆ ప్రశ్నను అతను ఎన్నాళ్ళు, ఎన్ని ఊళ్ళ వెంట మోశాడో.

ఇమాం హుస్సేన్ తల మీది తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఈ మాటే చెప్పు ఆమెకు" అన్నాడు. "అచ్చం ఇట్టాగే చెప్పు."

కోటేశ్వరి, పిచ్చమ్మ వచ్చిన రోజు శ్రీరమ్య తన గది ఖాళీ చేసి ఇచ్చింది. షాహిస్తా యలమందను తీసుకొచ్చింది. గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. పిచ్చమ్మ కొడుకు మొహం వైపు చూడలేదు. ముందు వంగి అతని పాదాలు చూసింది. అవి దయ్యం పాదాల్లా వెనక్కి తిరిగి లేవు, ముందుకే ఉన్నాయి. వేళ్ళు తన వైపే ఉన్నాయి. అప్పుడు మోకాళ్ళు, చేతులు, మెడ, అలా పైకి చూస్తూ మొహం దాకా వచ్చి, "నాయనోయ్" అని గది దద్దరిల్లేలా అరిచింది.

కోటేశ్వరి తలుపు దగ్గరే నిలబడిపోయింది. యలమంద ఆమె నుదురు చూశాడు, చేతులు చూశాడు. తను విన్నది వేరు, కళ్ళారా చూడటం వేరు.  కోటేశ్వరి షాహిస్తా వైపు తిరిగి, పరాయి మనిషి గురించి అడిగినట్టు మెల్లగా అడిగింది.

"ముట్టుకోవచ్చా?"

షాహిస్తా తలూపింది. కోటేశ్వరి దగ్గరికొచ్చి ఒక్క వేలితో అతని కనుబొమ మీది గీత తాకింది. వేడిగా ఉంది. ఆ వేడికి ఆమె చేయి లాగేసుకుని, ఆ తర్వాతే ఏడ్చింది.

అందరూ సంతోషంగా ఇంటికి వెళ్ళిపోతారని వార్డంతా అనుకుంది. అలా జరగలేదు. యలమందకు ఇంకొన్నాళ్ళు మందులు సరిచూడాల్సి ఉంది. ఆ రోజుల్లో అత్తాకోడళ్ళు వారం వారం వచ్చేవాళ్ళు. ముగ్గుర్నీ కూర్చోబెట్టి షాహిస్తా మాట్లాడించేది. అలాంటి ఒక రోజున కోటేశ్వరి అత్తను నిలదీసింది.

"కన్నతల్లివి. కొడుకు కాళ్ళు తెలియలేదా నీకు?"

పిచ్చమ్మ చీర అంచు నలుపుకుంది. "తెలిసినయ్" అంది.

 యలమంద తల్లి వైపు చూశాడు.  

"తెలిసినయ్. నీకంటే ముందే తెలిసినయ్. నువ్వు కాదని అరుస్తుంటే నా కడుపులో కూడా కాదనే ఉంది." ఆమె ఎవరి వైపూ చూడటం లేదు. "వాడు పోయిన కాణ్ణించి నాకు కునుకు లేదే. కుక్క మొరిగితే లేచేదాన్ని. తలుపు గాలికి కొట్టుకుంటే లేచేదాన్ని. యాడ తిరుగుతున్నాడో, ఎవురు కొడుతున్నారో, తిన్నాడో లేదో. ఎదురుచూసే ఓపిక ఇంక లేకపోయింది. ఆ శవాన్ని నా కొడుకంటే, ఇంక లేవక్కర్లేదు గదా అనుకున్నా."

షాహిస్తా ఏదో అనాలి. అనడానికే తను అక్కడుంది. ఎన్ని వెతుక్కున్నా ఆ ముసలామెకు చెప్పదగ్గ మాట ఒక్కటీ దొరకలేదు. ఊరుకుంది. ఊరుకోవడమే మంచిదైంది.

కోటేశ్వరి లేచి, తన కుర్చీని అత్త కుర్చీకి దూరంగా జరుపుకుని కూర్చుంది. ఆ రోజు ఇద్దరూ వేరువేరు బస్సుల్లో వెళ్ళారు. తర్వాత వారం కూడా ఆ కుర్చీ దూరంగానే ఉంది. ఆపై వారం కోటేశ్వరి, "ఆమెకి కూడా నిద్రకి ఏదన్నా మందు రాయండి సిస్టర్" అంది, అత్త వైపు చూడకుండానే. పిచ్చమ్మ బుగ్గల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

యలమంద ఇంటికి వెళ్ళాడు. ఊరు ఊరంతా వాకిళ్ళలోకి వచ్చి నిలబడిందట. కూతురు మంచం కింద దాక్కుని సాయంత్రం దాకా బయటికి రాలేదట. అతను మంచం పక్కన నేల మీద కూర్చుని, రమ్మనకుండా, తన పని తాను చేసుకుంటూ ఉంటే పిల్లే మెల్లగా వచ్చి చొక్కా పట్టుకుందట. ఆఫీసు కాగితాల్లో అతన్ని తిరిగి బతికించడానికి మాత్రం చాలా రోజులు తిరగాల్సి వచ్చింది. మందులు మానలేదు. నెలనెలా వస్తున్నాడు.

కోటేశ్వరి మాత్రం ఒక్క విషయం వదల్లేదు. ఆ శవాన్ని తమకు అప్పగించిన పోలీసు స్టేషనుకు వెళ్ళి, ఆ మనిషి కుడికాలి రెండో వేలు బొటనవేలి మీదికి ఎక్కి ఉందని, పిక్క మీద పాత కాలిన మచ్చ ఉందని రాయించింది. అక్కడ ఒకాయన, మీ ఆయన దొరికాడుగా, ఇంకెందుకమ్మా అన్నాడట. "ఇంకో ఆమె మొగుడు దొరకలా గదయ్యా" అందట ఈమె.

చాలాకాలం ఏమీ తేలలేదు. ఒక మధ్యాహ్నం షాహిస్తాకు కోటేశ్వరి ఫోన్ చేసింది. 

"సిస్టర్, మార్కాపురం అవతల నుంచి ఒకామె వచ్చిందంట స్టేషనుకి. కాలి వేలు చెబితే మా ఆయనే అందంట. రేపు మా ఊరు తీసుకొస్తన్నారు. ఆమెకింకా ఏమీ చెప్పలేదంట." అసలు విషయం అప్పుడు అడిగింది. "నువ్వు మా కళ్ళానికి వచ్చి నాకు చెప్పావు గదా. ఎట్టా చెప్పాలో నాకు చెప్పవా?"

షాహిస్తా సెలవు పెట్టి వెళ్ళింది.

ఆమె పేరు మస్తానమ్మ. సన్నగా, ఎండకు నల్లబడ్డ మనిషి. నుదుట పెద్ద బొట్టు ఉంది, చేతుల నిండా గాజులున్నాయి. పిచ్చమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టి, "మా ఆయన యాడున్నాడు?" అంది.

కోటేశ్వరి ఆమెకు ఎదురుగా కూర్చుంది. యలమంద తలుపు అవతలే నిలబడ్డాడు.  కోటేశ్వరి ఒక్కసారి షాహిస్తా వైపు చూసి, మస్తానమ్మ చేయి పట్టుకుంది.

"అమ్మా, నీకు కష్టమైన మాట చెప్పాల. మీ ఆయన లేడు. కాలవలో దొరికాడు. మావాడనుకుని మేం తీసుకొచ్చాం."

 కోటేశ్వరి చెప్పుకుంటూ పోయింది. దాచలేదు, తొందరపడలేదు. "అనాథ శవం లాగా పంపలేదమ్మా. నీళ్ళు పోశాం. కొత్త పంచె కట్టాం. అన్నీ చేశాం. నా మొగుడు కాదని నాకు తెలుసు. ఎవురో ఒకామె మొగుడని తెలుసు. ఆ రోజు నేను ఏడ్చింది నీ బదులే."

మస్తానమ్మ ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. వాకిట్లో కోళ్ళు గింజలు ఏరుకుంటున్నాయి. మస్తానమ్మ ఎవరూ అనుకోని మాట అడిగింది.

"ఆ రోజు వానేమన్నా పడిందా?"

కోటేశ్వరి తెల్లబోయింది. "లేదమ్మా. ఎండ కాసింది."

"మంచిది" అంది మస్తానమ్మ. "ఆయనకి ఉరుములంటే బయ్యం."

అని కోటేశ్వరి ఒళ్ళో తల పెట్టేసింది.